నిండుకుంది

ప్రయాణానికి బట్టలు సర్దుకోవడం నాకు పది నిమిషాల పని. ఇంకు సర్దుకోవడానికి మాత్రం అరగంట పడుతుంది.

ముందు పెన్ను విప్పి చన్నీళ్ళతో కడగాలి. ఆరాక పీకల దాకా ఇంకు నింపాలి. ఐదు మిల్లీలీటర్లు పట్టే బుల్లి ప్లాస్టిక్ సీసాలోకి సిరంజితో ఇంకొంచెం తోడిపెట్టుకోవాలి. సీసా మూతకి టేపు చుట్టాలి, దాన్ని జిప్ కవర్లో పెట్టాలి, ఆ కవర్లో మడిచిన టిష్యూ కాగితాలు రెండు పెట్టాలి, దాన్ని మళ్ళీ ఇంకో కవర్లో పెట్టాలి. "అమెరికాకి ఆవకాయ కూడా ఇంత జాగ్రత్తగా కట్టరు" అంటుంది మా ఆవిడ.

ఈ జాగ్రత్త అంతా చొక్కా జేబులు పాడుచేసుకుని నేర్చుకున్నదే. ఇంకు పెన్నుకి ప్రయాణం పడదు. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపల గాలి ఒత్తిడి ఆరేడువేల అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. 8,000 అడుగుల దగ్గర లెక్కేస్తే, నేల మీద పెన్నులో చిక్కుకున్న గాలి పైకెళ్ళాక మూడో వంతు దాకా ఉబ్బుతుంది. ఉబ్బిన గాలికి చోటు కావాలి, అందుకని ఇంకుని బయటికి తోస్తుంది. పాళీ కింద ఉండే గీతల ముక్క కొంతవరకూ పట్టి ఆపుతుంది, ఆ పైన వదిలేస్తుంది. రైల్లో ఇంత ఒత్తిడి తేడా ఉండదు గానీ కుదుపులుంటాయి, జేబులో ఒంటి వేడి ఉంటుంది. గొట్టంలోకి నేరుగా ఇంకు పోసే పాతకాలం పెన్నులైతే చేతి వేడికి కూడా గాలి ఉబ్బి చుక్క రాలుస్తాయి. అందుకే సగం ఖాళీగా ఉన్న పెన్నుతో బయల్దేరకూడదు. నిండా ఇంకుంటే ఉబ్బడానికి గాలే ఉండదు. పాళీ పైకి ఉండేలా పెట్టుకుంటే ఆ ఉన్న కాస్త గాలీ ఇంకుని తొయ్యకుండానే తప్పించుకుంటుంది.

నిండుకుండ తొణకదు అని మనవాళ్ళు చెప్పింది మనుషుల గురించే కావచ్చు. పెన్నుల విషయంలో మాత్రం అక్షరాలా నిజం. ఈ సంగతి నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను, కొంచెం గొప్పగానే చెప్పాను. దాంతోపాటు ఇంకో ఉపన్యాసం కూడా ఉండేది. ఇంకైపోగానే చెత్తబుట్టలో పడేసే పెన్నుల గురించి, అవన్నీ చివరికి ఎక్కడికి పోతాయో ఆలోచించారా అని. నాదైతే పదకొండేళ్ళుగా ఒకటే పెన్ను, అయిపోతే నింపుకుంటాను, పారెయ్యను అని.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో జరిగిన చిన్న సంగతి తర్వాత ఆ ఉపన్యాసం ఇవ్వడం మానేశాను.

*

విశాఖపట్నంలో ఎక్కాను. హైదరాబాదులో రెండు రోజుల పని, అక్కణ్ణించి విమానంలో బెంగుళూరు, మళ్ళీ ఇల్లు. మొత్తం ఆరు రోజులు. పెన్ను నిండా ఇంకు, కవర్లో కవరు, అందులో సీసా.

రాజమండ్రిలో ఒక పెద్దాయన ఎక్కి ఎదుటి బెర్తులో కూర్చున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. సంచిలోంచి శుభలేఖల కట్ట తీశారు. నాలుగు మూలలా పసుపు పెట్టిన కవర్లు. చాలావాటి మీద పేర్లు రాయడం అప్పటికే అయిపోయింది, ఓ ఇరవై మిగిలాయి. ఒక చిన్న నోటు పుస్తకంలో పేర్ల జాబితా ఉంది. జేబులోంచి పెన్ను తీశారు. నల్లటి, లావుపాటి ఎబొనైట్ పెన్ను, రాజమండ్రిలో చేసిందే. పట్టుకునే చోట నలుపు వెలిసి గోధుమరంగుకి తిరిగింది.

బండి కదులుతున్నంతసేపూ పెన్ను మూత పెట్టుకుని కూర్చునేవారు. బండి ఆగగానే మూత తీసి రెండు కవర్లో మూడు కవర్లో రాసేవారు. తాడేపల్లిగూడెంలో అలా రాశారు. గుండ్రటి అక్షరాలు, తలకట్లు ఒక్కొక్కటీ విడిగా కనబడేలా. నేను కూడా ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాను. నా చేతిలో పెన్ను చూసి ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకు పెన్ను వాడేవాళ్ళు ఇంకొకళ్ళని చూసినప్పుడు నవ్వే నవ్వు ఒకటుంటుంది. నా పాళీ తుడుచుకుందామని టిష్యూ కోసం కవరు విప్పాను. సీసా ఆయన చూశారు.

ఏలూరులో బండి ఆగింది. ఆయన ఒక పేరు సగం రాశారు. పాళీ గీరుకుంది. విదిలించారు, మళ్ళీ రాశారు, మళ్ళీ గీరుకుంది. గొట్టం విప్పి దీపం వెలుతురుకి పట్టి చూశారు.

"బాబూ, నాది నిండుకుంది. మీ దాంట్లోంచి ఓ నాలుగు చుక్కలు పోస్తారా? నీలమేగా?"

నేనేమన్నానో మాటకి మాట గుర్తుంది.

"నీలమే గానీ, ఈ ఇంకు మీ పెన్నుకి పడదండీ. వేరే రకం ఇంకులు కలిస్తే లోపల గడ్డకడతాయి. పాత పెన్ను, పాడైపోతుంది."

"అలాగా" అన్నారు. ఆ తెలియని సంగతి చెప్పినందుకు నాకు థాంక్స్ కూడా చెప్పారు.

పక్క బెర్తులో కుర్రాడొకడు ఫోన్ చూసుకుంటున్నాడు. తల కూడా ఎత్తకుండా బ్యాగు జేబులోంచి బాల్ పెన్ను తీసి ఆయనకిచ్చాడు. "ఉంచుకోండి అంకుల్, నా దగ్గర ఇంకోటుంది." ఐదో పదో రూపాయల పెన్ను, నేను ఉపన్యాసాలిచ్చే రకం పెన్ను.

బండి బయల్దేరాక పెద్దాయన స్టీలు డబ్బా తీశారు. మూతలో పులిహోర పెట్టి నా వైపు జరిపారు.

"ఇంట్లో చేసిందే బాబూ. పులుపు మీకు పడుతుందా?"

"పడుతుందండీ" అన్నాను. తిన్నాను కూడా. బాగుంది.

విజయవాడలో బండి చాలాసేపు ఆగింది. మిగిలిన కవర్ల మీద ఆయన బాల్ పెన్నుతో పేర్లు రాసేశారు. సగంలో ఆగిన ఆ పేరు కూడా దాంతోనే పూర్తి చేశారు. మొదటి సగం లావుగా, రెండో సగం సన్నగా.

*

నేను చెప్పింది అబద్ధమా?

విడిగా చూస్తే నేనన్న మాటల్లో తప్పేం లేదు. ఇంకుల్లో రకాలున్నాయి. ఇనుప లవణంతో చేసే పాతకాలపు ఇంకుల్లో ఆమ్లం ఉంటుంది. అవి, క్షార గుణం ఉన్న రంగు ఇంకులు కలిస్తే గొట్టంలో మడ్డి కట్టొచ్చు. బొమ్మలు గియ్యడానికి వాడే ఇండియా ఇంకైతే పెన్నులో పొయ్యనే కూడదు, ఎండితే ఇక వదలదు. ఇవన్నీ చదివి, పాడుచేసుకుని తెలుసుకున్నవే. కానీ నా సీసాలో ఉన్నది మామూలు నీలం ఇంకు, నీళ్ళతో కడిగితే పోయేది. ఆయన వాడేది కూడా అలాంటిదేనని రాతని చూస్తేనే తెలుస్తోంది. రెండూ కలిస్తే ఏమీ కాదని నాకు తెలుసు. పైగా ఆయన గొట్టం ఖాళీ. కలవడానికి అందులో ఏముంది గనక?

ధర్మరాజు యుద్ధంలో ఆడినది కూడా ఇలాంటి నిజమే. చచ్చింది ఏనుగన్న మాట మెల్లిగా అన్నాడు. అప్పటిదాకా నేలకి నాలుగంగుళాలు పైన నడిచిన రథం ఆ మాటతో నేల మీదికి దిగిపోయిందంటారు. అయినా ఆయన ఎదుట ద్రోణుడున్నాడు, వెనక రాజ్యం ఉంది. నా లెక్క కూడా వేసి చూశాను. 50 మిల్లీలీటర్ల సీసా పన్నెండు వందలకి కొన్నాను. మిల్లీలీటరు 24 రూపాయలు. ఆ కవర్లకి అరమిల్లీలీటరు ధారాళంగా సరిపోతుంది. పన్నెండు రూపాయలు. రైల్లో ఒక టీ ఖరీదు.

అంటే డబ్బు కాదు. ఖరీదైన వస్తువుని దాచుకున్న పిసినారితనం అయినా కొంత అర్థమయ్యేది. నేను భయపడ్డాను. ఆరు రోజుల ప్రయాణం, మధ్యలో అయిపోతే? ఆ రాత్రి సీసా నిండుగా ఉంది, పెన్ను నిండుగా ఉంది. ఇల్లు చేరాక చూసుకుంటే సీసాలో సగం పైనే మిగిలింది. దాన్ని తీసుకెళ్ళి, ఊళ్ళు తిప్పి, భద్రంగా వెనక్కి తెచ్చాను.

సాదాసీదా "ఇవ్వలేనండీ, నాకు కావాలి" అనుంటే ఆయన నొచ్చుకునేవారేమో, కానీ నా గురించి ఆయనకి నిజం తెలిసేది. నేను ఆయన పెన్ను మేలు కోరుతున్నట్టు మాట్లాడాను. నాకు తెలిసిన విషయాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఆయనకి తెలియని విషయం కాబట్టే అది పనికొచ్చింది. తెలివి ఉన్నవాళ్ళు కాదనే పద్ధతి ఇదేనని తర్వాత చాలా చోట్ల గమనించాను. రూల్సు ఒప్పుకోవండీ, సిస్టం తీసుకోదండీ, మీ మంచికే చెప్తున్నా. వినేవాడు కృతజ్ఞతతో వెళ్ళిపోతాడు. దానం చెయ్యకపోగా, వాడి దగ్గర ఒక థాంక్స్ కూడా తీసుకున్నట్టవుతుంది.

*

ఇంకు అడగడం, పొయ్యడం నాకు కొత్త కాదు. మా బడిలో అందరివీ ఇంకు పెన్నులే. పరీక్షల రోజుల్లో పక్కవాడి పెన్ను ఆగిపోతే చుక్కలు పొయ్యడం రోజూ ఉండే పని. ఫిల్లరు ఉండేది కాదు. నా పెన్ను గొట్టం విప్పి, వాడి గొట్టం మీద వంచి, నాలిక బయటపెట్టి మరీ లెక్కపెట్టుకుంటూ పోసేవాళ్ళం. ఒకటి, రెండు, మూడు. గొట్టం విప్పకుండా తీసుకోవాలంటే బల్ల మీద నాలుగు చుక్కలు విదిలిస్తే వాడు పాళీ ఆనించి పీల్చుకునేవాడు. ఎక్కువైతే సుద్దముక్కతో అద్దేవాళ్ళం, పాళీకి అంటింది జుట్టుకి తుడుచుకునేవాళ్ళం. "నిన్న నీకు ఐదు చుక్కలు పోశాను" అన్న దెబ్బలాటలు కూడా ఉండేవి. కానీ పోసేవాళ్ళం. రకం కలుస్తుందా అని ఎవడూ అడగలేదు. నలుపులో నీలం పోస్తే ఏదో ఒక రంగు వచ్చేది.

అప్పట్లో కూడా పెన్ను మాత్రం ఇచ్చేవాళ్ళం కాదు. పాళీ ఒక చేతికి అలవాటు పడుతుందని, ఇంకొకడు రాస్తే చెడిపోతుందని మాస్టారు చెప్పేవారు. కలం, పుస్తకం పరాయి చేతికి పోతే పోయినట్టేనని పెద్దవాళ్ళు శ్లోకం కూడా చదివేవారు. బాల్ పెన్ను సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. దాన్ని పెన్నుగా ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు, అందులో ఇంకుని మాత్రం పంచలేం. ఇంకు పెన్నులో నాది అనదగ్గది పెన్ను. ఇంకు పోసుకునేది, పొయ్యగలిగేది. ఎవరి చేతిరాతకీ అలవాటు పడని వస్తువు అది. ఇంత తేలిగ్గా, ఇంత కొంచెంగా, చుక్క చొప్పున పంచుకోగలిగినవి మనం సంచుల్లో వేసుకు తిరిగేవాటిలో ఎన్నుంటాయి?

మనుషులు ఇంకుని మోసుకెళ్ళడానికి రకరకాల తిప్పలు పడ్డారు. తాటాకు మీద గంటంతో గీసినవాళ్ళకి ఈ బాధ లేదు. ముందు గీత, తర్వాత తీరిగ్గా మసి పూసి తుడవడం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పార్కర్ కంపెనీ చేసిన పెన్నుల్లో ఇంకు బిళ్ళలు పెట్టుకునే చోటుండేది. కందకంలో దొరికిన నీళ్ళలో కరిగించుకుని ఇంటికి ఉత్తరం రాసుకునేవాళ్ళు. మన దేశంలో కామ్లిన్ వాళ్ళు 1931లో మొదలుపెట్టింది కూడా ఇంకు పొడి, ఇంకు బిళ్ళలతోనే. నీళ్ళు ఎక్కడైనా ఎవరైనా పోస్తారన్న నమ్మకం మీద తయారైన సరుకు అది.

ఆ పెద్దాయన చేతిలో ఉన్న రాజమండ్రి పెన్నుకీ ఒక కథ ఉంది. గాంధీ మాట మీద కె.వి. రత్నం స్వదేశీ పెన్ను చేశారు. అది అందాక 1935లో గాంధీ ఆయనకి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. బెంగాల్లో సులేఖ ఇంకు 1934లో మొదలైంది, అదీ స్వదేశీ ఉద్యమంలోంచే. పరాయి సరుకు మీద ఆధారపడకూడదన్న పట్టుదలతో పుట్టిన పెన్నులూ ఇంకులూ ఇవి. చిన్నప్పుడు చదివినప్పుడు స్వదేశీ అంటే ఎవరి మీదా ఆధారపడకపోవడం అనుకున్నాను. నా సీసా, నా సిరంజి, నా కవర్లో కవరు కూడా అలాంటి స్వావలంబనే అనుకున్నాను. కానీ అదే గాంధీ ఆశ్రమ వ్రతాల్లో అపరిగ్రహం కూడా పెట్టారు. అవసరానికి మించి దగ్గర పెట్టుకోకపోవడం. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయో ఏలూరు స్టేషన్లో నాకు తెలిసి ఉండాల్సింది. ఎవరి మీదా ఆధారపడనివాడు, తన మీద ఎవరూ ఆధారపడకూడదని కూడా కోరుకుంటే వాడి స్వావలంబన వల్ల ఎవరికేం ఒరిగింది?

పారేసే పెన్నులు వాడను అన్న నా గొప్ప కూడా ఇక్కడే తేలిపోయింది. నింపుకుని వాడటంలో మంచి ఉంది, ఇప్పటికీ కాదనను. కానీ ఆ మంచి పెన్నులో ఉందనుకున్నాను. పెన్ను నా జేబులో ఉంది కాబట్టి నాలో కూడా ఉందనుకున్నాను. చెత్తబుట్టలో పడే పెన్ను ఇచ్చిన కుర్రాడు, ఆ రాత్రి ఆ పెట్టెలో నాకన్నా పనికొచ్చిన మనిషి. ఇంకో పెన్ను ఉంది కాబట్టే వాడు ఇవ్వగలిగాడు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కొన్నాళ్ళు. నా దగ్గరా ఇంకో సీసాడు ఇంకుంది.

*

మన ఇళ్ళలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు. లేవు అని అసలే అనరు. నిండుకున్నాయి అంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు, వెళ్ళిపోతూ వెళ్ళొస్తామంటారు. అశుభం పలకకూడదని అలా అంటారని మా అమ్మమ్మ చెప్పేది. పొరుగింటికి చేటతో వెళ్ళి "నిండుకున్నాయమ్మా" అంటే, అడిగినట్టే ఉండదు, కానీ అవతలివాళ్ళకి తెలిసిపోతుంది. లేమిని చెప్పుకోవడానికి ఇంత మర్యాదైన మాట ఉందంటే, ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడం ఎంత మామూలుగా ఉండేదో కదా అనిపిస్తుంది. ఇవాళ నిండుకున్న ఇల్లు రేపు మనదవుతుంది.

ఆయన ఆ మాటే అన్నారు. నాది నిండుకుంది, అని. నాదీ నిండే ఉంది, తొణకనంత నిండుగా.

ఆయన దిగేటప్పుడు సంచి అందిచ్చాను. ఆ బాల్ పెన్ను కుర్రాడికి తిరిగిచ్చెయ్యబోతే వాడు నిద్రపోతున్నాడు. నెమ్మదిగా వాడి బ్యాగు పక్క జేబులో పెట్టి, "వెళ్ళొస్తా బాబూ" అని నాకు చెప్పి దిగిపోయారు. పేరు అడగలేదు. ఎవరి పెళ్ళో కూడా అడగలేదు. సగం లావు, సగం సన్నం అక్షరాలతో ఆ కవరు ఎవరింటికి చేరిందో, వాళ్ళు గమనించారో లేదో.

తర్వాత కొన్ని ప్రయాణాల్లో రెండు సీసాలు తీసుకెళ్ళాను. ఒకటి నాకు, ఒకటి అడిగినవాళ్ళకి. ఎవరూ అడగలేదు. ఇంకు పెన్నులు పెట్టుకుని రైలెక్కేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు గనక! నాలుగోసారో ఐదోసారో సర్దుకుంటుంటే నవ్వొచ్చింది. నాది నాకు పూర్తిగా ఉండగా, పైన ఇంకోటి పెట్టుకుని అందులోంచి ఇద్దామనుకుంటున్నాను. ఆ సీసాలోంచి ఇవ్వడానికి ఏ భయమూ పోనక్కర్లేదు. ఏలూరులో నేను కాదన్నది ఆ సీసా కాదు.

ఇప్పుడు మళ్ళీ ఒక్కటే తీసుకెళ్తున్నాను. దారిలో అది నిండుకుంటే, ఎవరినైనా అడగాలి. అడగడం నాకు ఇంకా రాదు.